రోజుకు 1,500 నుంచి 300కి: కుందలహళ్లి కర్రీ పాయింట్ అప్పు కథ

ఈ కేసు బెంగళూరు తూర్పు వైపు, కుందలహళ్లి గేటు దగ్గర్లో ఉన్న ఒక కర్రీ పాయింట్‌ది. నడిపేది పీలేరు వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు. వంటా గల్లా ఆమెవి. ఆయన క్యాబ్ నడుపుతూ, పొద్దున్నే సరుకు తెచ్చిపెడతారు. అప్పు ఇచ్చింది నేను లోన్ సెక్షన్ చూసే పరపతి సహకార సంఘం. 2022 జూన్‌లో రెండున్నర లక్షలు ఇచ్చాం. 2025 సెప్టెంబరులో ఆఖరి వాయిదా జమ అయింది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్ల ఊరి పేరు, కొట్టును గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెల్ని దగ్గరి రౌండుకు సర్దాను.

తీరిన అప్పులు మా రిజిస్టర్లో చాలానే ఉన్నాయి. ఇది ఎంచుకోవడానికి కారణం, చిన్న వ్యాపారానికి సంఘం చేయగలిగేదీ, చేయలేనిదీ రెండూ ఇందులో కనిపించడం. మా దగ్గర వడ్డీ తక్కువ అని సంఘాలన్నీ చెప్పుకుంటాయి. నిజమే, కానీ వ్యాపారికి అంతకంటే పెద్ద సాయం వాయిదా ఎలా కూర్చామన్నది. గల్లాలోకి డబ్బు ఏ తీరున వస్తుందో, అప్పు కూడా అదే తీరున బయటికి పోవాలి. ఆ తీరు తెలియాలంటే ఆ కొట్టును రోజూ చూసే మనిషి ఒకరు ఉండాలి. బ్యాంకుకు అలాంటి మనిషి లేడు, మాకు ఉన్నాడు.

ఆమె వచ్చేనాటి లెక్క

ఈ దంపతులు లాక్‌డౌన్‌కు ముందే ఇక్కడ కొట్టు నడిపారు. 2020 మార్చి తర్వాత సాఫ్ట్‌వేర్ పిల్లలంతా ఊళ్లకు వెళ్లిపోయారు, పీజీ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, కొట్టు మూతపడింది. 2021 చివర్లో కంపెనీలు మెల్లగా తెరుస్తున్నారని విని వీళ్లు మళ్లీ వచ్చి కొత్త చోట కొట్టు పట్టారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

బెంగళూరులో కొట్టు అద్దెకు తీసుకున్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే, అడ్వాన్స్ పది నెలలు అడుగుతారు. అద్దె 15,000, అడ్వాన్స్ లక్షన్నర. ఆ డబ్బు కొట్టు ఖాళీ చేసేదాకా ఓనరు దగ్గరే ఉంటుంది, ఒక్క పప్పు ప్యాకెట్ కూడా అమ్మిపెట్టదు. అది నాలుగైదేళ్లు కదలని డబ్బు. దాన్ని వీళ్లు ఎలా కట్టారో చూడండి: నగలు కుదువ పెట్టి 50,000, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. మిగతాది డైలీ ఫైనాన్స్‌లో తీసుకున్న లక్ష, దానికి పైన ఇంట్లో ఉన్న పదివేలు.

డైలీ ఫైనాన్స్ తెలియనివాళ్ల కోసం ఒక మాట. కాగితం మీద లక్ష రాసుకుని చేతికి 90,000 ఇస్తారు. రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి నూటికి పది అన్నట్టే ఉంటుంది. కానీ అసలు రోజూ కరిగిపోతూ ఉంటుంది, సగటున మన దగ్గర నిలిచేది అందులో సగమే, అదీ మూడు నెలల పైచిలుకు మాత్రమే. లెక్క కడితే ఏడాదికి 75 శాతం దాటుతుంది.

వంద రోజులు నిండకముందే సరుకుకు డబ్బు చాలక అదే ఫైనాన్స్‌లో ఇంకో యాభై వేలు రాశారు, దానికి రోజుకు 500. అది తీరకముందే మొదటిదాన్ని కొత్త అప్పుగా తిరగరాశారు. ఆమె మా కౌంటర్ దగ్గరికి వచ్చేనాటికి రోజుకు 1,500 కడుతోంది.

నేను ఆమె పక్కన కూర్చుని రోజు లెక్క రాశాను. అమ్మకం 5,500. కూరగాయలు, బియ్యం, పప్పులు, నూనె, కోడి కలిపి 2,600. అద్దె రోజుకు పడేది 535. గ్యాస్ 350. సాయానికి ఉన్న అమ్మాయి కూలి 550. ప్యాకింగ్ కవర్లు, డబ్బాలు 200. కరెంటు, నీళ్లు 100. ఇవన్నీ పోగా 1,165 మిగులుతుంది. అందులోంచి 1,500 కట్టాలి. రోజుకు 335 తక్కువ. ఇంటి ఖర్చు, ఇద్దరు పిల్లల ఫీజులు ఆయన క్యాబ్ మీద నడుస్తున్నాయి. ఈ 335 మాత్రం పక్క కిరాణా కొట్టు ఖాతాలోకి ఎక్కుతోంది, అప్పటికే అక్కడ 40,000 బాకీ.

కమిటీకి నేను రాసిన నోట్‌లో మొదటి వాక్యం: “వ్యాపారం నష్టంలో లేదు, అప్పు కూర్పే తప్పు.” ఐదేళ్లు కదలని అడ్వాన్సును వంద రోజుల్లో తీర్చబోతే ఎంత బాగా వండేవాళ్లైనా మునుగుతారు. వంట బాగుందో లేదో చూడ్డానికి నేను కొట్టుకు వెళ్లనక్కర్లేదు. సాయంత్రం ఏడింటికి ఆ వీధిలో నిలబడితే పీజీ కుర్రాళ్ల వరుసే చెబుతుంది.

బ్యాంకుకు వెళ్లలేదా అంటే, వెళ్లారు. ముద్ర పథకంలో కిశోర్ అని ఒక తరగతి ఉంది, 50,000 నుంచి 5 లక్షల దాకా. ఆమె అవసరం సరిగ్గా అందులోకే వస్తుంది. కానీ లాక్‌డౌన్‌లో ఆయన బండి లోను వాయిదాలు కొన్ని ఆగిపోయాయి, ఆ మచ్చ సిబిల్ అనే అప్పుల రికార్డులో ఉండిపోయింది. ఆమె పేరు మీద ఐటీ రిటర్ను లేదు, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ లేదు. బ్యాంకు ఆఫీసరు ముందున్న కాగితాల్లో ఆమె కొట్టు ఎక్కడా కనిపించదు. ఆ సీట్లో నేనున్నా, ఆ కాగితాలు మాత్రమే చూసి లోను ఇవ్వలేను.

పిగ్మీ పుస్తకం

కర్ణాటకలో రోజువారీ పొదుపును పిగ్మీ అంటారు. ఉడుపిలో 1925లో మొదలై తర్వాత సిండికేట్ బ్యాంకు అయిన సంస్థ 1928లో ఈ పథకం పెట్టింది. ఏజెంటు ఇంటింటికీ వెళ్లి రెండణాలైనా సరే తీసుకుని చీటీ రాసిచ్చేవాడు. ఈరోజు బెంగళూరులో పూలమ్మే ఆవిడ నుంచి మెకానిక్ షెడ్డు దాకా పిగ్మీ కట్టనివాళ్లు తక్కువ. మా సంఘానికి పిగ్మీయే ప్రాణం.

ఆమె 2018 నుంచి మా సభ్యురాలు. రోజుకు ఇంత అని లేకుండా వీలైనంత కట్టేది. లాక్‌డౌన్‌లో పొదుపంతా తీసేసుకుంది, కొత్త కొట్టు తెరిచిన వారంలోనే మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. డైలీ ఫైనాన్స్ పీకల మీద ఉన్నా యాభయ్యో వందో పిగ్మీ ఆపలేదు. ఆ వీధిలో పిగ్మీ వసూలు చేసే మా కలెక్టరు ముళబాగిలు వైపు కుర్రాడు, ఇంట్లో తెలుగే. ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చింది అతనే. “అక్క వంట మీద పెట్టాల్సిన ధ్యాస గంట గంటకీ ఫోన్ల మీద పెడతా ఉంది సార్, ఒకసారి మాట్లాడండి” అన్నాడు.

ఆ పుస్తకం తెప్పించుకుని తిరగేశాను. అట్ట మీద నూనె, అంచులకు పసుపు మరకలు. లోపల మాత్రం ఆ కొట్టు గుండెచప్పుడు ఉంది. నెల మొదటి పది రోజులు 200, 150, 200. మధ్యలో వంద. ఇరవయ్యో తేదీ దాటాక యాభై, కొన్నిచోట్ల ముప్పై. నెలాఖరు రెండు ఆదివారాలు గీతలు, ఆ రోజుల్లో కొట్టు మూస్తారు. జీతాలు పడిన వారంలో పిల్లలు చికెన్ కూర కొంటారు, నెలాఖరుకు పప్పు, పెరుగుతో సరిపెట్టుకుంటారు. ఏ ఆడిటరు రాసిన బ్యాలెన్స్ షీటులోనూ ఇంత వివరం ఉండదు.

వాయిదాను దీని మీదే కూర్చాను. రెండున్నర లక్షలు, 14 శాతం తరుగు వడ్డీ (మిగిలిన అసలు మీదే వడ్డీ), 36 నెలలు. నెలకు 8,544 వస్తుంది. దాన్ని ఐదో తేదీన ఒకేసారి అడగకుండా పిగ్మీలా రోజూ వసూలు చేద్దామన్నాను. మొదటి పది రోజులు 400, తర్వాత పది రోజులు 300, చివరి పది రోజుల్లో తెరిచి ఉండే ఎనిమిది రోజులు 200. మొత్తం 8,600. వాయిదా పోగా మిగిలే యాభై రూపాయలు ఆమె పొదుపు ఖాతాలోకి. సగటున రోజుకు 300 పైన కాస్త. అంతకుముందు 1,500.

కమిటీలో ఏం జరిగింది

లోన్ కమిటీలో అసలు వాదన “అప్పు తీర్చడానికి అప్పు” గురించే. మా పాత నియమంలో దానికి చోటు లేదు. ఒక పెద్ద డైరెక్టరు గట్టిగా అడ్డు చెప్పారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అలా తీసుకున్నవాళ్లలో కొందరు మళ్లీ ఫైనాన్స్ గుమ్మం ఎక్కుతారు, అప్పుడు రెండు అప్పులూ మునుగుతాయి. ఈ డబ్బు సభ్యుల పిగ్మీ డబ్బు, పక్క వీధి టైలరుది, ఇస్త్రీ బండివాడిది. నా వాదన ఏమిటంటే, ఇది నిజానికి పాత అప్పు తీర్చడం కాదు, అడ్వాన్స్ అనే దీర్ఘకాలపు అవసరానికి దానికి తగ్గ గడువు ఇవ్వడం. డబ్బు ఆమె చేతికివ్వకుండా నేరుగా అప్పిచ్చినవాళ్లకు కట్టే షరతు మీద ఆయన ఒప్పుకున్నారు.

ఇంకో వాదన జామీను మీద. ఆమె తెచ్చిన ఇద్దరిలో ఒకరు అదే వీధిలో పీజీ నడిపే సభ్యుడు. మా లెక్కలో ఆస్తిపరుడు, సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. అతన్ని వద్దన్నాం. కారణం, రాత్రి భోజనాలు నలభై దాకా అతని పీజీకే వెళ్తున్నాయి, అమ్మకంలో అది మూడో వంతు పైమాటే. ఆ పీజీ మూతపడితే గిరాకీ, జామీను రెండూ ఒకేరోజు పోతాయి. పెద్ద గిరాకీనే జామీనుగా తీసుకోవడం చాలా సంఘాల్లో చూస్తాను. పైకి బలంగా కనిపిస్తుంది, లోపల మాత్రం ఒకే కాలు మీద నిలబడ్డ అప్పు అది. బదులుగా పాత పిగ్మీ సభ్యురాలైన ఒక టైలరు, స్పేర్ పార్టుల కొట్టు నడిపే ఇంకో సభ్యుడు సంతకం పెట్టారు.

కుదువ నుంచి విడిపించే నగలు సంఘంలోనే ఉంచుకుందామని ఒకరన్నారు. వద్దని నేను పట్టుబట్టాను. ఇంట్లో నాలుగు గాజులు ఉంటే ఆపద రోజున బ్యాంకు గోల్డ్ లోను దొరుకుతుంది. అవి కూడా మేమే పట్టుకుంటే ఆమెకు మిగిలే దారి మళ్లీ డైలీ ఫైనాన్సే.

చివరికి పంపకం ఇలా కుదిరింది: ఫైనాన్స్ బాకీ 1,05,000, కిరాణా 40,000, నగలకు 50,000, డీప్ ఫ్రిజ్‌కు, కమర్షియల్ గ్యాస్ కనెక్షన్‌కు 42,500, లోనులో ఐదు శాతం చొప్పున సంఘం షేర్లకు 12,500. గ్యాస్ సంగతి షరతుగానే పెట్టాం. అప్పటిదాకా ఇంటి సిలిండర్ల మీద వండుతున్నారు. అది చట్టవిరుద్ధం, పైగా ప్రమాదం. ఒక్క తనిఖీతో కొట్టు మూతపడుతుంది, అప్పు కూడా దానితోనే పోతుంది.

చెక్కులు

ఫైనాన్స్‌వాళ్లకు డబ్బు కట్టిన రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటి అప్పు తీర్చి మా అప్పుగా మార్చుకునే ఇలాంటి టేకోవర్లు చెడేది ఇక్కడే. డబ్బు ఇచ్చేస్తారు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు అవతలివాళ్ల దగ్గరే ఉండిపోతాయి. ఏడాది తర్వాత అవి కోర్టు నోటీసులై తిరిగొస్తాయి.

ఆమె ఒక ప్రామిసరీ నోటు, మూడు ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంది. మా సెక్రటరీ, నేను, ఆమె, ఫైనాన్స్ కుర్రాడు సంఘం ఆఫీసులోనే కూర్చున్నాం. సెక్రటరీ ఆమె చెక్కుబుక్కు మొదళ్లు తెరిచి, లేని నంబర్లు మూడు ఒక కాగితం మీద రాశారు. కుర్రాడు నోటు ఇచ్చాడు, రెండు చెక్కులు ఇచ్చాడు.

“మూడోది మా అన్న దగ్గర ఉందక్కా, రేపు తెచ్చిస్తా.”

“అయితే డబ్బు కూడా రేపే ఇస్తాం తమ్ముడూ” అన్నారు సెక్రటరీ, గొంతు ఏమాత్రం పెంచకుండా.

కుర్రాడు బయటికెళ్లి ఫోన్ చేశాడు. గంట లోపల ఇంకొకతను స్కూటర్ మీద మూడో చెక్కు తెచ్చాడు. నంబరు సరిచూసి, మూడింటినీ ఆమె చేతే చింపించి, “బాకీ ఏమీ లేదు” అని రాయించుకుని సంతకం తీసుకున్నాకే బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేశాం. గొడవ ఏమీ జరగలేదు. ఆమె ఒంటరిగా అడిగి ఉంటే ఆ మూడో చెక్కు వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. బయటికొస్తూ ఆమె అన్నది: “ఇంక ఒక్కరికే జవాబు చెప్పుకోవాల సార్. పొద్దున ఒకాయన, మాపటికి ఒకాయన వస్తా ఉంటే ఉప్పేసినానో లేదో కూడా గుర్తుండేది కాదు.”

సంఘం అనే ఏర్పాటు ఎందుకు పుట్టిందంటే సరిగ్గా దీనికే. జర్మనీలో 1850ల నుంచి షుల్జ్ డెలిచ్ పట్నాల్లోని చేతివృత్తులవాళ్లకు, చిన్న వర్తకులకు పరపతి సంఘాలు కట్టాడు. రైఫైజెన్ పల్లెల్లో రైతులకు కట్టాడు. వడ్డీ వ్యాపారి ముందు ఒక్కడు నిలబడలేడు, పదిమంది ఒకరికొకరు జామీనుంటే నిలబడగలరు అన్నదే ఇద్దరి ఆలోచనా. మద్రాసు ప్రభుత్వం కోసం ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా వెళ్లి చూసొచ్చి రాసిన నివేదిక 1895లో వచ్చింది, 1904లో దేశమంతటికీ చట్టమైంది. మరుసటి ఏడాదే ఇప్పటి గదగ్ జిల్లా కణగినహాళలో సిద్ధనగౌడ పాటిల్ సంఘం పెట్టారు. మన వైపు చూస్తే 1956లో తెలంగాణలో మొదలైన ముల్కనూరు సంఘం ఇప్పటికీ పాఠ్యపుస్తకం లాంటిది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పెత్తనం తగ్గించిన మాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం వచ్చింది, ఆ తరహాలోనే కర్ణాటకలో 1997 సౌహార్ద చట్టం. మా సంఘం మాత్రం కర్ణాటక పాత 1959 సహకార చట్టం కిందిదే.

అమెరికాలో ఇలాంటి పరపతి సంఘాలే అయిన క్రెడిట్ యూనియన్లు 1934 ఫెడరల్ చట్టంతో బాగా విస్తరించాయి. 1998లో వాటి వ్యాపార రుణాలకు ఒక హద్దు పెట్టారు, మామూలుగా మొత్తం ఆస్తుల్లో 12.25 శాతం. అక్కడి సభ్యుల్లో ఎక్కువమంది జీతగాళ్లు, వ్యాపార అప్పు వాళ్లకు అదనపు పని. మా సభ్యుల్లో సగం పైన కొట్టో బండో ఉన్నవాళ్లే. ఇల్లు, వ్యాపారం వాళ్లకు వేరు వేరు గల్లాలు కావు, అలాంటి హద్దు ఇక్కడ గీయాలన్నా ఎక్కడ గీస్తాం?

తర్వాత

మొదట మారింది సరుకు. కిరాణా ఖాతా మూసేశాక ఆయన వారానికోసారి యశవంతపుర మార్కెట్టుకు వెళ్లి నగదుకు కొనడం మొదలుపెట్టారు. బియ్యం 26 కిలోల బస్తాలు. 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద జీఎస్టీ వచ్చాక ఆ ఒక్క కిలో పెంచిన బస్తాలు మార్కెట్టులో ఎక్కువయ్యాయి. సరుకు ఖర్చు రోజుకు 250 దాకా తగ్గింది. కమర్షియల్ గ్యాస్‌తో ఒక వంద పెరిగింది. వాయిదా పోగా వెయ్యి దాకా మిగలడం మొదలైంది. నా దృష్టిలో మేమిచ్చిన లోనులో అతి పెద్ద లాభం ఈ 250. అరువు సరుకు ధరలో దాక్కున్న వడ్డీని చిన్న వ్యాపారులు ఎవరూ లెక్కవేయరు.

2023 మార్చి 25న కేఆర్ పుర నుంచి వైట్‌ఫీల్డ్ దాకా మెట్రో మొదలైంది, కుందలహళ్లిలో స్టేషన్ వచ్చింది. నడిచిపోయేవాళ్లు పెరిగారు. ఆ ఊపులో ఆమె బ్రూక్‌ఫీల్డ్ వైపు రెండో కొట్టు పెడతానని ఇంకో మూడు లక్షలు అడిగింది. ఇవ్వలేదు. మళ్లీ పది నెలల అడ్వాన్స్, మళ్లీ ఒక వంటమనిషి, ఆమె ఒక్కతే రెండు చోట్ల ఉండలేదు. చాలా కోపం వచ్చింది ఆమెకు, కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. కలెక్టరు మాత్రం రోజూ వెళ్తూనే ఉన్నాడు. ఊపు మీదున్న వ్యాపారికి వద్దని చెప్పడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. చెప్పే హక్కు ఎక్కడి నుంచి వస్తుందంటే, రేపు ఇబ్బంది వస్తే అదే వీధిలో పక్కన నిలబడతామన్న భరోసా నుంచి.

ఆ ఇబ్బంది 2023 అక్టోబరులో వచ్చింది. పీజీ నడిపే అతని లీజు అయిపోయింది, బిల్డింగ్ ఓనరు పునరుద్ధరించలేదు. నలభై భోజనాలు రాత్రికి రాత్రి పోయాయి. మాకు ఆ వార్త చెప్పింది పుస్తకం. 300 కట్టే రోజుల్లో 200 పడింది, తర్వాత 100, తర్వాత “రేపు తమ్ముడూ”. ఐదో తేదీ వాయిదా పద్ధతి అయితే ఈ సంగతి మాకు నెలకు తెలిసేది, నోటీసు వెళ్లేసరికి ఇంకో రెండు నెలలు. కలెక్టరు వారంలో చెప్పాడు.

అప్పటికి పదహారు వాయిదాలు తీరి 1,51,600 బాకీ ఉంది. దాని మీద నెల వడ్డీ 1,770, అంటే రోజుకు అరవై పైచిలుకు. మూడు నెలలు వడ్డీ మాత్రం కడితే చాలు, గడువు మూడు నెలలు పెంచుతామని కమిటీ తీర్మానించింది. టెన్షన్ తగ్గాక ఆమె బుర్ర మళ్లీ వ్యాపారం మీదికి వచ్చింది. ఆ మధ్యలో ఆమె రెండు గాజులు బ్యాంకులో పెట్టి సరుకు గడిపింది, ఫైనాన్స్ వైపు చూడలేదు. అదే కలెక్టరు హూడి దగ్గర మిషన్ షాపు నడిపే ఇంకో సభ్యుడితో మాట కలిపాడు. అతని పనివాళ్లకు రోజూ ముప్పై భోజనాలు కావాలి. జనవరి నుంచి పార్శిళ్లు మొదలయ్యాయి. ఇలా ఒక సభ్యుడి గిరాకీని ఇంకో సభ్యుడికి చేర్చడం ఏ లోన్ పాలసీలోనూ రాసి ఉండదు, అయినా మా వసూళ్లలో దీని పాలు చాలా పెద్దది.

చేయలేనివి

ఆమె అంత నిఖార్సుగా కట్టింది, అయినా ఆమె సిబిల్ స్కోరు దానివల్ల పెరగలేదు. మా సంఘం నుంచి సిబిల్‌కు సమాచారం వెళ్లదు. మూడేళ్ల క్రమశిక్షణ మా రిజిస్టర్లోనే ఉండిపోతుంది. ఇది సభ్యులకు పెద్ద అన్యాయం అని నేను ప్రతి మహాసభలో చెబుతున్నాను. మధ్యేమార్గంగా ఏం చేశామంటే, క్యూఆర్ వసూళ్లన్నీ ఒకే కరెంట్ అకౌంట్‌లో పడేలా చూశాం, ఉద్యమ్‌లో నమోదు చేయించాం. 2024 చివర్లో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటబోతోందని చూసి జీఎస్టీలో కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల పద్ధతిలో చేర్పించాం. హోటలు పనికి అక్కడ అమ్మకం మీద ఐదు శాతం, గిరాకీ దగ్గర విడిగా తీసుకోకూడదు. ఆమె మొదట ఒప్పుకోలేదు, రోజుకు 400 ఊరికే పోతుందని. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి వాణిజ్య పన్నుల శాఖ బెంగళూరు చిన్న కొట్లకు నోటీసులు పంపినప్పుడు చుట్టుపక్కల చాలామంది క్యూఆర్ బోర్డులు తీసేసి “నగదు మాత్రమే” అని రాసిపెట్టారు. ఆమెకు బోర్డు తీయాల్సిన పని పడలేదు.

ఇంకొకటి, డిపాజిట్లు పెట్టే సభ్యులు తెలుసుకోవాల్సినది. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా ఉండే బీమా మాలాంటి పరపతి సంఘాలకు లేదు. 2020 జనవరిలో బసవనగుడిలోని ఒక సహకార బ్యాంకు మీద రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు పింఛను డబ్బు పెట్టుకున్న పెద్దవాళ్లు రోడ్డు మీదికి వచ్చారు. అక్కడ బీమా అయినా ఉంది. సంఘంలో రక్షణ అంతా సభ్యుల కళ్లే. ఆడిట్ క్లాసు (ఆడిట్‌లో వచ్చిన గ్రేడు) ఏమిటి, ఒక్కరికి ఇచ్చిన అతి పెద్ద అప్పు ఎంత, డైరెక్టర్ల బంధువుల లోన్లు ఎన్ని, మార్కెట్టులో ఎవరూ ఇవ్వని వడ్డీ డిపాజిట్‌కు ఎలా ఇస్తున్నారు అని మహాసభలో లేచి అడగండి. జవాబు చెప్పడానికి ఇబ్బంది పడే సంఘంలో పిగ్మీ కూడా వద్దు.

ఇప్పుడు

2025 సెప్టెంబరులో అప్పు తీరిన వారానికే ఆమె మళ్లీ వచ్చింది. పక్క కొట్టు ఖాళీ అయింది, గోడ తీసి నాలుగు బల్లలు వేస్తుందట. ఈసారి అమ్మకం రోజుకు 8,000, పన్ను పోగా లెక్క కట్టినా మిగులు ఉంది. అవసరం 4,60,000. మొత్తం మేమే ఇవ్వడానికి కమిటీ సిద్ధపడింది, నేను రెండుగా విడగొట్టమన్నాను. గ్రైండరు, బల్లలు, చిమ్నీ కలిపి 2,80,000కు ఉద్యమ్ కాగితం, జీఎస్టీ రిటర్నులు, కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్ పట్టుకుని ముద్ర లోనుకు పంపాం. మెషిన్లకు బ్యాంకు ఇస్తుంది, అడ్వాన్సుకు ఇవ్వదు. పైగా అక్కడ కట్టే ప్రతి వాయిదా ఆమె పేరు మీద సిబిల్‌లో ఎక్కుతుంది. బ్యాంకు మంజూరు చేసింది. పక్క కొట్టు అడ్వాన్స్ 1,80,000 మాది, 48 నెలల గడువు, వసూలు పాత పద్ధతిలోనే: నెల మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ.

మా నియమావళిలో కూడా ఈ కేసు తర్వాత రెండు మార్పులు వచ్చాయి. డైలీ ఫైనాన్స్ టేకోవర్‌కు ఇప్పుడు అనుమతి ఉంది, కానీ కనీసం ఆరు నెలల పిగ్మీ పుస్తకం ఉండాలి, ఖాళీ చెక్కులన్నీ నంబర్లతో సరిచూసుకున్నాకే డబ్బు కదలాలి. అప్పు అడిగేవారి అమ్మకంలో పావు వంతు కంటే ఎక్కువ కొనే గిరాకీదారు వాళ్లకు జామీను ఉండకూడదు.